పైరులో కనిపించే సమాధి గుట్టలు

చెన్నైలో ఇంట్లో కూర్చుని ఇంగ్లండు పొలాల వైమానిక చిత్రాలు చూడటం నాకు సెలవురోజు వ్యాపకం. అక్కడి కంచుయుగపు సమాధి గుట్టలు తరతరాల దుక్కికి నేలమట్టమైనా, గుట్ట చుట్టూ తవ్విన కందకం పూడిన చోట మట్టి లోతుగా, తేమగా ఉంటుంది కనుక, వాన ముఖం చాటేసిన వేసవిలో చుట్టుపక్కల బార్లీ పండిపోయినా ఆ వలయం మీది పైరు మాత్రం ఏపుగా నిలిచి, పైనుంచి ముదురాకుపచ్చ ఉంగరంలా కనిపిస్తుంది. పురావస్తు పరిశోధకులు క్రాఫర్డ్, కీలర్ 1924లో విమానం నుంచి తీసిన చిత్రాలు 1928లో పుస్తకంగా వచ్చాయి. అయితే గుండ్రంగా ఉన్నదల్లా సమాధి కాదు. మేత తొట్టి చుట్టూ పశువులు తొక్కిన నేల, యుద్ధకాలపు సెర్చిలైటు స్థావరం కూడా అలాగే భ్రమింపజేస్తాయి. వేర్వేరు ఏళ్ల చిత్రాలు పోల్చనిదే నేను దేన్నీ నమ్మను. చెంగల్పట్టు వైపు సానూరులో ఈ కిటుకు అంతగా పనికిరాదు. అక్కడి మహాశిలా సమాధుల (పెద్ద రాళ్లతో కట్టిన ప్రాచీన సమాధుల) చుట్టూ ఉండేవి రాళ్ల వలయాలు కనుక, పొద్దు వాలినప్పుడు తీసిన చిత్రంలో వాటి నీడల కోసం వెతకాలి.