పాస్‌బుక్కు మొదటి పేజీ

నాన్న పోయింది 2024 నవంబరులో. పెద్దకర్మ అయ్యాక ఆయన కాగితాలు దాచుకునే రేకు పెట్టె తీస్తే పోస్టాఫీసు పుస్తకాలు రెండు కనిపించాయి. ఒకటి 2009లో తెరిచిన సేవింగ్స్ ఖాతాది. రెండోది 2021లో నాలుగున్నర లక్షలు వేసిన మంత్లీ ఇన్‌కమ్ స్కీముది. అప్పటి వడ్డీ 6.6 శాతం. నెలకి 2,475 రూపాయలు ఆ సేవింగ్స్ ఖాతాలో పడేవి. అమ్మ షుగరు మందులు, గ్యాసు బండ, కరెంటు బిల్లు వాటితోనే గడిచేవి. రెండిటికీ తన తర్వాత డబ్బు తీసుకోవాల్సిన నామినీ అమ్మేనని నాన్న ఎన్నోసార్లు చెప్పారు. ఒక్క పూటలో అయిపోయే పని అనుకుని డిసెంబరు మొదటి వారంలో వెళ్లాం. తొమ్మిదిసార్లు తిరిగితే ఫిబ్రవరి చివర్లో తేలింది.

మా పోస్టాఫీసులో తెరిచి ఉండేది ఒకటే కౌంటరు. స్పీడ్ పోస్టు, డబ్బు కట్టడం, తీయడం, పోస్టల్ ఇన్సూరెన్సు (పీఎల్ఐ) ప్రీమియం, అన్నీ అక్కడే. నెలనెలా కట్టే పొదుపు ఖాతాల (ఆర్‌డీ) ఏజెంట్లు పాస్‌బుక్కుల కట్టలతో వస్తే వాళ్ల పని అయ్యేదాకా వెనకవాళ్లు నిలబడాల్సిందే. గోడవారగా ఒక బల్ల ఉంది గానీ దాని మీద పార్సిల్ సంచులు పెట్టారు. అమ్మకి అరవై ఏడేళ్లు, మోకాళ్ల నొప్పులు. మొదటిరోజు గంటన్నర నిలబడింది. మా వంతు వచ్చాక కౌంటరులో మేడమ్, "క్లెయిము ఫారాలు అయిపోయాయండీ, ఎదురుగా జిరాక్సు షాపులో దొరుకుతాయి" అన్నారు.

ఫారం నింపి తీసుకెళ్తే మరణ ధ్రువపత్రం జిరాక్సు చాలదు, ఒరిజినల్ చూపించాలన్నారు. ఒరిజినల్ పట్టుకెళ్తే అమ్మ పాన్ కార్డు ఏదన్నారు. అది ఇస్తే సాక్షులు ఇద్దరు రావాలన్నారు. అడిగినవన్నీ అవసరమే కావచ్చు, నేను కాదనను. కానీ ఈ నాలుగు ముక్కలూ మొదటిరోజే చెప్పి ఉంటే నాకు మూడు సెలవులు మిగిలేవి, అమ్మకి ఆ నిలబడటం తప్పేది. సాక్షులుగా ఎదురింటి బాబాయిగారిని, రిటైరయిన మాస్టారుగారిని బతిమాలి తీసుకెళ్లాను. పదిన్నర నుంచి ఒంటిగంట దాకా ఎదురుచూశాం. కౌంటరు అద్దానికి 'సర్వర్ పనిచేయుట లేదు' అని ఒక కాగితం అంటించి ఉంది. సెలోటేపు గోధుమరంగుకి తిరిగిపోయింది. ఎన్నాళ్ల నుంచి ఉందో ఆ కాగితం! సర్వర్ ఉన్నరోజూ దాన్ని తీయరు. అందుకని ఎదురుచూడాలో ఇంటికి పోవాలో వచ్చినవాళ్లకి తెలియదు. ఆరోజు నిజంగానే లేదు. మాస్టారుగారు పాపం ఏమీ అనలేదు, "మళ్లీ ఎప్పుడమ్మా?" అని మాత్రం అడిగారు.

తర్వాతి వారం పోస్టుమాస్టరుగారు మమ్మల్ని లోపలికి పిలిచారు. "సేవింగ్స్ ఖాతాకి సిస్టంలో నామినీ చూపించట్లేదమ్మా. నామినేషన్ లేనట్టే లెక్క. మనిషి పోయి ఆరు నెలలు దాటాలి. అప్పుడు అఫిడవిట్టు, ఇండెమ్నిటీ బాండు, మిగతా వారసుల ఒప్పుదల తెచ్చుకోండి. రెండు ఖాతాలూ కలిపే చేస్తాం" అన్నారు. అమ్మ నా మొహం వైపు చూసింది. ఆమెకి అర్థమైంది ఒక్కటే, నాన్న తన పేరు రాయలేదని. ఇంటికి వచ్చే దారంతా ఆటోలో మాట్లాడలేదు.

ఆరు నెలల నిబంధన ఉన్నమాట నిజమే. ఐదు లక్షల లోపు ఖాతాకి నామినీ లేకపోతే అలాగే చేస్తారు. మా ఖాతా అలాంటిది అవునా కాదా అన్నదే చూడాల్సింది. ఆ రాత్రి పాత పాస్‌బుక్కు దీపం కింద పెట్టి చూశాను. మొదటి పేజీలో ఫొటో కింద ఊదారంగు రబ్బరు ముద్ర, సగం వెలిసిపోయి ఉంది. ముద్రలో 'నామినేషన్ నమోదైనది' అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు, పక్కన నీలం సిరాతో నంబరు, తేదీ, ఎవరిదో పొట్టి సంతకం. మేం ఆ పుస్తకం వాళ్ల చేతికి నాలుగుసార్లు ఇచ్చాం. ఎవరూ మొదటి పేజీ తిప్పలేదు. పుస్తకాల లెక్కలు కంప్యూటర్ల కోర్ బ్యాంకింగ్‌లోకి ఎక్కించినప్పుడు నామినీ గడి ఖాళీగా వదిలేసి ఉంటారు. అమ్మకి ఆ ముద్ర చూపించాను. వేలితో తడిమి చూసుకుంది.

మర్నాడు ఆ పేజీ చూపిస్తే, "అసలు ఫారం దొరకాలి. పాత కట్టలు వెతకడానికి ఇక్కడ మనిషి లేడు" అన్నారు. సరే, ఇంకా ఏమేం కావాలో కాగితం మీద రాసివ్వమన్నాను. కుదరదన్నారు. మా అర్జీ తీసుకున్నట్టు రెండో కాపీ మీద ముద్ర వేయమన్నా వేయలేదు. నాకు అసలు కోపం వచ్చింది అప్పుడే. కౌంటరులో మేడమ్ మీద కోపం లేదు. ఆవిడ మధ్యాహ్నం అన్నం కూడా కౌంటరు వెనకే గబగబా తినడం చూశాను. కానీ నోటితో 'కాదు' అని పంపించి, ఆ 'కాదు'కి కాగితం ఇవ్వకపోతే జనం ఎవరికి చెప్పుకోవాలి?

పక్క టౌనుకి వెళ్లి అక్కడి నుంచి అదే అర్జీ, ముద్ర ఉన్న పేజీ జిరాక్సు జతచేసి, అక్నాలెడ్జిమెంటు కార్డుతో రిజిస్టర్డ్ పోస్టులో మా పోస్టుమాస్టరుగారికే పంపాను. ఇంకో కాపీ డివిజన్ సూపరింటెండెంటుగారికి. సంతకంతో కార్డులు తిరిగొచ్చాక వాటి ఫొటోలు పెట్టి కేంద్ర ప్రభుత్వ ప్రజా ఫిర్యాదుల (పీజీ) పోర్టల్లో ఫిర్యాదు చేశాను. 2024 ఆగస్టు నుంచి ఈ ఫిర్యాదులకి 21 రోజుల గడువు ఉంది. కథంతా రాయలేదు. ఖాతా నంబరు, నామినేషన్ నంబరు, తేదీ, ఏ రోజు వెళ్తే ఏం చెప్పారు, అంతే. దీనికీ కదలకపోతే పది రూపాయల పోస్టల్ ఆర్డరు పెట్టి సమాచార హక్కు కింద ఆ ఫారం నకలు అడుగుదామని దరఖాస్తు కూడా రాసి పెట్టుకున్నాను. ఆ అవసరం రాలేదు. పన్నెండో రోజున డివిజన్ ఆఫీసు నుంచి ఫోను. ఫారం దొరికిందన్నారు. రెండు రోజుల్లో రెండు క్లెయిములూ అయిపోయాయి. ఇన్‌కమ్ స్కీముకి డబ్బు తిరిగిచ్చే నెలకి ముందు నెల దాకా వడ్డీ కట్టిస్తారు కనుక అందులో నష్టం రాలేదు. అన్నాళ్లూ అమ్మ మందులకి మాత్రం తమ్ముడు పంపాడు.

మేం తిరిగిన రోజుల్లో పక్క ఊరి నుంచి ఒక ముసలామె వచ్చేది. భర్త ఆర్‌డీ డబ్బు కోసం. ఆటోకి రానుపోను ఎనభై రూపాయలు. చదువు రాదు. "వాళ్లు రమ్మన్నప్పుడల్లా వస్తున్నా తల్లీ" అంది. ఆమె పాస్‌బుక్కులోనూ మొదటి పేజీ చూశాను. ముద్ర ఉంది. మాలాగే అర్జీ రాసి, నంబరు వేసి, ఆమె చేత వేలిముద్ర వేయించి రిజిస్టర్ చేయించాను. ఆమెది ఇంకా నడుస్తోంది. వారానికోసారి మనవడి ఫోను నుంచి నాకు చేస్తుంది.

క్లెయిము డబ్బు వేయడానికి అమ్మ పేరున 500 రూపాయలతో కొత్త ఖాతా తెరిచారు. పాత పుస్తకం వాళ్లే ఉంచేసుకుంటామంటే, మొదటి పేజీ ఫొటో తీసుకుని ఇచ్చేశాం. కొత్త పుస్తకం చేతికి వచ్చాక కౌంటరు నుంచి కదలకుండా, "మేడమ్, నామినీ సిస్టంలో పడిందో లేదో ఒకసారి చూపించండి" అన్నాను. ఆవిడ స్క్రీను నా వైపు తిప్పారు. నా పేరు, తమ్ముడి పేరు చదువుకున్నాక అమ్మని బయటికి తీసుకొచ్చాను.