పెదనాన్న బాండులో నాన్న పేరు

"నామినీగా మీ నాన్నగారి పేరే ఉందిరా" అంటూ పెద్దమ్మ ఈ ఉదయం అమలాపురంలో పాలసీ బాండును నా చేతిలో పెట్టింది. ట్రంకుపెట్టె అడుగున కలరా ఉండల వాసన పట్టిన ఆ కాగితం మీద, పెదనాన్న పెళ్లికి ముందెప్పుడో నీలి సిరాతో రాసిన నాన్న పేరు, పక్కనే ‘తమ్ముడు’ అన్న మాట ఇంకా చెదరలేదు.

వీలునామాలో మాత్రం కొబ్బరితోట, ఇల్లు, బీమా సొమ్ము సర్వమూ పెద్దమ్మకే చెందాలని ఉంది. 1938 నాటి బీమా చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం వీలునామా ద్వారా కూడా నామినేషన్‌ను మార్చవచ్చు గాని, ఆ సంగతి లిఖితపూర్వకంగా అందనంతవరకు కంపెనీ సద్భావంతో పాత నామినీకి చెల్లించినా దానిని తప్పుపట్టలేము. అయితే తమ్ముడు నామినీ అయినంత మాత్రాన సొమ్ముకు యజమాని కాడు, అందుకుని హక్కుదారులకు అప్పగించవలసినవాడు మాత్రమే. నామినేషన్ ఒక్కటే యాజమాన్యం ఇవ్వదని సుప్రీంకోర్టు 1984లోనే, సర్బతీ దేవి కేసులో చెప్పింది.

అక్కడ నాయనమ్మ పేరు ఉండి ఉంటే కథ మారేది. 2015 సవరణ తరువాత తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, సంతానం నామినీలైతే సాధారణంగా ఆ సొమ్ము వారి సొంతమే అవుతుంది. పెద్దమ్మ, నాయనమ్మ ఒకే వంటింట్లో ఉంటారు. ఆ ఊహను నేను అక్కడితో ఆపేశాను.

క్లెయిమ్ ఫారం మీద సంతకం చేస్తూ, సొమ్ము పడిన రోజే వదినగారి ఖాతాకు మార్చాలని నాన్న నాకు రెండుసార్లు చెప్పారు.

సాయంత్రం ఇంటికి రాగానే నా బాండు తీసి చూశాను. పెళ్లయి తొమ్మిదేళ్లయినా, నామినీ గడిలో ఇంకా అమ్మ పేరే ఉంది.