దింపంటే దింపేనమ్మా

వేసవి సెలవులకి పాపని తీసుకుని కోనసీమలో అంబాజీపేట దగ్గర మా ఊరెళ్లాను. రెండో రోజు రాత్రి నాన్నగారు "రేపు దింపు ఉందమ్మా, పెందరాళే లేవండి" అన్నారు. పాపకి తొమ్మిదేళ్లు, పెరిగిందంతా హైదరాబాదులో.

"దింపు అంటే ఏంటి తాతయ్యా?"

"దింపంటే దింపేనమ్మా. చెట్టు మీంచి కాయలు దింపుతాం కదా, అది."

"కొయ్యడమా?"

"కోత వరికి. కొబ్బరికి దింపు."

మర్నాడు తోటలో గెలలు దబ్బుదబ్బున కింద పడుతుంటే, "దింపట్లేదుగా, పడేస్తున్నారు!" అంది. నాన్నగారు నవ్వి ఊరుకున్నారు. ఇంతలో కాయలు కొనే ఆయన "మిగతా డబ్బు వచ్చే దింపుకి ఇస్తానండి" అన్నాడు. పాప నా చెయ్యి పట్టుకుని లాగింది. "అమ్మా, దింపంటే ఏదైనా రోజు పేరా?" నెలన్నర, రెండు నెలలకోసారి వచ్చే దింపుతోనే ఇక్కడ బాకీలూ ఫీజులూ ముడిపడి ఉంటాయని అప్పుడు చెప్పాను.

అప్పట్నుంచీ 'అంటే' అన్న మాట నన్ను వదలట్లేదు. 'అను'లోంచి పుట్టిందే కదా అది! ఎవరైనా ఆ మాట అంటే ఏం అనుకోవాలి అనే మనం అడిగేది. పుస్తకాల్లో 'అనగా' అని రాస్తాం, పిల్లలకి కథ మొదలెట్టేదీ 'అనగా అనగా' అనే. 'గోదారంటే ప్రాణం' అన్నప్పుడూ అదే మాట. ఇంత చిన్న మాటలో ఇన్ని పనులు ఇమిడిపోవడం నాకు ఎంతో ముచ్చటగా ఉంటుంది.

భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో వచ్చిన వ్యవసాయ వృత్తిపదకోశం, అంటే రైతులు వాడే మాటల నిఘంటువు, గుర్తొచ్చింది. అలాంటి మాటలు రైతుల నోటి నుంచే రావాలి. వస్తువు చూపించి "దీన్నేమంటారు?" అని అడగాలి. పాప కూడా చివరికి ఆ దారిలోనే పడింది. చేను పక్కన పిల్లకాలవ చూపించి అడిగితే "బోదె" అన్నారు నాన్నగారు. ఏటి మధ్య నేల చూపిస్తే "లంక" అన్నారు. రావణుడి ఊసు రాకుండానే ఆ మాట దానికి వచ్చేసింది.

మొన్న ఫోన్లో నాన్నగారు సార్వాకి నారు పోశామన్నారు. సార్వా అంటే ఏంటని పాప నన్నడిగింది. "ఖరీఫ్" అన్నాను. స్పీకర్లో నాన్నగారికి వినపడింది.

"అదేంటమ్మా, ఖరీఫ్ అంటే ఏంటని అడిగితే కదా సార్వా అని చెప్పాలి!"