గుంటూరు దాటితే అబుదాబి

దుబాయ్ నుంచి అబుదాబి వెళ్ళే దారిలో గంతూత్ అని ఒక చోటుంది. రెండు ఎమిరేట్ల హద్దు, అంటే మన రాష్ట్రాల్లాంటివి. మా లేబర్ క్యాంపులో తెలుగువాళ్ళకి ఆ పేరు నోరు తిరక్క గుంటూరు అనేసేవాళ్ళం. "ఇవాళ గుంటూరులో రష్షెంత?", "గుంటూరు దాటావా లేదా?" అని పొద్దున్నుంచీ ఫోన్లు. 2020కి ముందు అక్కడొక హద్దు ఉందని కూడా నాకు పట్టలేదు. రావులపాలెం నుంచి తణుకు వెళ్తూ సిద్ధాంతం బ్రిడ్జి మీద జిల్లా మారిందని ఎవరు చూస్తారు? అలాగే ఇదీను.

మాది మురమళ్ళ. వీరేశ్వరస్వామికి రోజూ కల్యాణం జరిగే ఊరు. నేను ఏసీ మెకానిక్‌ని. కంపెనీ దుబాయ్‌లో, క్యాంపు సోనాపూర్‌లో, పనులు మాత్రం సగం ముసఫ్ఫాలో. ముసఫ్ఫా అబుదాబి కిందకొస్తుంది. పొద్దున్నే వ్యాన్ ఎక్కి వెళ్ళి, పని చూసుకుని, రాత్రి మెస్సులో అన్నం వేళకి వచ్చేసేవాళ్ళం. కరోనా వచ్చాక, 2020 జూన్ 2న అబుదాబి తలుపులు వేసేసుకుంది. నెలాఖరుకి కాస్త తెరిచి, 48 గంటల్లోపు నెగెటివ్ రిపోర్టు ఉన్నవాళ్ళు రండి అంది. ముక్కులో పుల్ల పెట్టే పీసీఆర్ టెస్టుకి అప్పట్లో 370 దిర్హమ్‌లు. నా జీతం 1,400. అందుకని అందరం లేజర్ టెస్టు మీద పడ్డాం. దానికి 50 దిర్హమ్‌లు. అంటే అప్పటి లెక్కన మన వెయ్యి రూపాయలు.

పేరు లేజరే గాని మొదలయ్యేది సూదితోనే. వేలు గుచ్చి ఒక్క చుక్క రక్తం తీసి, దాన్ని లేజర్ వెలుగులో చూసేవాళ్ళు. కరోనా ఉందో లేదో నేరుగా చెప్పదది. రక్తకణాల్లో తేడా ఏమైనా ఉంటే పట్టుకుంటుంది. అనుమానం వస్తే అప్పుడు ముక్కులో పుల్ల. హద్దు దగ్గర టెంటు వేశారు. జూలై ఎండ. లోపల మా కంపెనీవి కాని ఏసీలు, ఒకదాని బేరింగు అరుస్తోంది, నా చెవి దాని మీదే ఉంది. నర్సు మలయాళీ అమ్మాయి. నా చూపుడు వేలు పట్టుకుని గుచ్చింది. రక్తం రాలేదు. మధ్య వేలు గుచ్చి పిండింది. రాలేదు. పదకొండేళ్ళుగా రాగి పైపులు వంచీ, ఫ్లేరింగ్ చేసీ నా కుడిచేతి వేళ్ళు కొబ్బరి చిప్పల్లా అయిపోయాయి. "భయ్యా, యే చమ్డా హై యా పత్థర్?" అంది, ఇది చర్మమా రాయా అని. వెనకాల క్యూలో వాళ్ళు నవ్వారు. చివరికి ఎడంచేతి ఉంగరం వేలు దయ చూపించింది. అప్పట్నుంచి టెంట్లోకి వెళ్ళగానే అడక్కుండానే ఆ వేలే చాపేవాణ్ణి.

భయం సూదికి కాదు. మా రూములో ఎనిమిది మందిమి. ఒకడికి పాజిటివ్ వస్తే ఎనిమిది మందికీ డ్యూటీ బంద్. "ఏరా, ఏమొచ్చింది?" అని నేను దుబాయ్ చేరేలోపు ఏడు మెసేజీలు. నా ఆరోగ్యం గురించి అంత మంది అడగడం పెళ్ళిచూపుల తర్వాత మళ్ళీ అప్పుడే.

ఇక గంటల లెక్క. రిజల్టు మెసేజి ఫోన్లోకి వచ్చిన నిమిషం నుంచి 48 గంటలు. మా ఫోర్‌మన్ తెల్లబోర్డు మీద ఎవరి టైము ఎప్పుడు తీరిపోతుందో రాసిపెట్టేవాడు. ఐస్ ఫ్యాక్టరీలో దిమ్మలు ఎప్పుడు తియ్యాలో రాసుకున్నట్టు. ఆగస్టులో ఓ రోజు నాది పదింటికి తీరాలి. ఏడింటికే బయల్దేరాల్సిన వాళ్ళం కంప్రెసర్ కోసం స్టోరు దగ్గర ఆగాం. హద్దు దగ్గర బళ్ళ వరస ఈ చివర్నుంచి ఆ చివరికి కనపడలేదు. నేను పోలీసు ముందుకొచ్చేసరికి పదీ నలభై. కుర్రాడు, మర్యాదస్తుడే. ఫోను చూశాడు, తన చేతి వాచీ చూపించాడు, "టైం ఖలాస్" అన్నాడు. వెనక్కి తిరిగే లైను విడిగా ఉండేది. అందులో నా ముందు ల్యాండ్ క్రూజర్‌లో కందూరా, అదే అరబ్బుల పొడుగు చొక్కా, వేసుకున్న పెద్దమనిషి. రూలు అందరికీ ఒకటే, అబద్ధం చెప్పకూడదు. కాకపోతే ఆయన జీతంలో ఆ రోజు కోసెయ్యరు. మా కంపెనీ టెస్టు డబ్బులు ఇచ్చేది గాని, వెనక్కి వచ్చిన రోజుని ఆబ్సెంటు వేసేది. ఆలస్యం చేసింది స్టోరు వాళ్ళని చెప్పాను. బోర్డు మీద టైము రాసే ఉంది కదా అన్నారు.

నవంబరు నుంచి ఇంకో మెలిక. నాలుగు రోజులుంటే నాలుగో రోజు, ఎనిమిది రోజులుంటే ఎనిమిదో రోజు మళ్ళీ పీసీఆర్. అడుగుపెట్టిన రోజే ఒకటో రోజు. మా బిహారీ హెల్పరు ఇక్కడే తప్పు చేసేవాడు, మర్నాటి నుంచి లెక్కపెట్టేవాడు. నాకు ఆ ఇబ్బంది లేదు. పురుడు పదకొండో రోజన్నా, దినం పదో రోజన్నా మన ఇళ్ళల్లో ఆ రోజుని కలుపుకునే కదా వేళ్ళు మడుస్తాం.

అల్ హొసన్ అని టెస్టు రిజల్టు చూపించే యాప్ ఒకటి ఉండేది. ఆకుపచ్చగా ఉంటే దారి, బూడిదరంగులో ఉంటే ప్రశ్నలు. నా గొడవ రంగుతో కాదు, పేరుతో. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుంది, అసలు పేరు మధ్యలో రెండు ముక్కలుగా ఉంది. దుబాయ్ క్లినిక్కులో కుర్రాడు ఒక ముక్క మింగేశాడు. టెస్టు నెగెటివ్, యాప్‌లో నేను లేను. అప్పట్నుంచి రిపోర్టు ప్రింటు తీయించి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకు తిరిగేవాణ్ణి, మా అమ్మ రేషన్ కార్డు దాచుకున్నట్టు.

అమ్మకి ఇదంతా ఫోన్లో చెబితే ఒక్క మాట అంది. "అది పరాయి దేశం, అడుగుతారు. మన గోదారి మీద మనల్ని ఆపడమేంటిరా?" నిజమే. మా అక్కని ఇచ్చింది యానాం. ఎదుర్లంక నుంచి బ్రిడ్జి ఎక్కితే గౌతమి అవతల ఒడ్డు. సైకిల్ మీద వెళ్ళొచ్చే దూరం. కాకపోతే అది పుదుచ్చేరి, ఇది ఆంధ్రా. మామూలు రోజుల్లో ఆ తేడా మా వైపు మగవాళ్ళకి మందు రేటులో తప్ప ఎక్కడా కనపడదు. లాక్‌డౌన్‌లో ఆ హద్దు మూసేశారు. బావ ముసఫ్ఫాలో వెల్డరు, అక్క యానాంలో ఇద్దరు పిల్లల్తో ఒక్కత్తీ, అమ్మ మురమళ్ళలో. అమ్మ ఆవకాయ కలిపి జాడీ మూత కట్టి, ఎదుర్లంక దాకా ఆటోలో వెళ్ళి, పోలీసు వెళ్ళనివ్వక మళ్ళీ ఆ జాడీ ఒళ్ళో పెట్టుకుని వెనక్కొచ్చింది. నన్ను వెనక్కి తిప్పిన కథ ఆవిడకి కొత్తగా అనిపించలేదు.

సంక్రాంతికి బావ ఇంటికి వెళ్ళాలనుకున్నాడు. జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడాలని. టికెట్టు దొరికింది పండగ వెళ్ళిపోయాక. అక్కకీ అమ్మకీ పంపడానికి నేను బ్యాగు సర్దాను. నీడో పాలడబ్బాలు రెండు, టాంగు, జండూబామ్ అడిగితే ఇక్కడ దొరికే టైగర్ బామ్, చార్జింగు లైటు, పిల్లలకి బూట్లు, ఒక దుప్పటి. అప్పట్లో శుక్రవారం సెలవు. నా డబ్బుతోనే లేజర్ టెస్టు చేయించుకుని, ఉంగరం వేలికి ప్లాస్టరు వేయించుకుని, రిపోర్టు కవర్లో పెట్టి బయల్దేరాను.

హద్దు దగ్గర ఆపేశారు. టైము ఉంది, నెగెటివ్ ఉంది. కిందటిసారి దేనితో వచ్చావని అడిగారు. లేజరే అన్నాను. వరసగా రెండుసార్లు లేజర్ చెల్లదట, ఈసారి పీసీఆర్ ఉండాలట. రూలు ఆ దగ్గర్లోనే మారింది, మా బోర్డు మీదకి ఇంకా ఎక్కలేదు. స్వాబ్ ఇస్తే రిజల్టు మర్నాడు. బావ విమానం ఆ రాత్రి. బావే హద్దు దాటి ఇటు వద్దామంటే మళ్ళీ లోపలికి వెళ్ళడానికి ఆయనకీ టెస్టు కావాలి.

పెట్రోలు బంకు దగ్గర బ్యాగు మీద కూర్చుని మా కంపెనీ స్టోరు వ్యాన్ నడిపే పఠాన్‌కి ఫోన్ చేశాను. ముసఫ్ఫాలోనే ఉంటాడు. అబుదాబిలో సైనోఫార్మ్ అనే కరోనా టీకా ప్రయోగానికి మొదట్లోనే చెయ్యి చాపిన మనిషి. అలాంటివాళ్ళ యాప్‌లో ప్రత్యేకం గుర్తు వచ్చేది, టెస్టు అడిగేవాళ్ళు కాదు, లైను కూడా వేరు. అప్పట్లో అతన్ని పిచ్చివాడన్నాం మేం అందరం. గంటలో వచ్చాడు. బ్యాగు ఎత్తి చూసి "ఇందులో ఇటుకలా?" అని నవ్వి, టీ డబ్బులు కూడా పుచ్చుకోకుండా వెళ్ళిపోయాడు.

మూడో రోజు సాయంత్రం బావ వీడియో కాల్ చేశాడు. మురమళ్ళలో మా ఇంటి వీధి అరుగు మీద ఉన్నాడు. పక్కన నా దుప్పటి మడతలు విప్పి అమ్మ వెలుతుర్లో చూసుకుంటోంది. యానాంలో భోంచేసి, అమ్మ వాటా పాలడబ్బా తెచ్చిచ్చాడట.

"బ్రిడ్జి మీద ఎవరైనా ఆపారా బావా?" అన్నాను.

"ఆపడమేంట్రా? కొబ్బరికాయల లారీ ఒకటి అడ్డంగా ఉంది, అంతే ఆయ్. నీ వేలికేమైంది, ఆ కట్టేంటి?"

యాభై దిర్హమ్‌ల ప్లాస్టరు. ఇంకా తియ్యలేదు.