గ్రాఫైట్: గనిదా, ఫర్నేసుదా?

2018లో గ్రాఫైట్ ఎలక్ట్రోడ్లు తయారుచేసే హెచ్‌ఈజీ షేరు ఐదువేల రూపాయల దగ్గరికి వెళ్లడం చూసినవాళ్లకు గ్రాఫైట్ అనే మాట వింటే ఇప్పటికీ చెవులు నిక్కబొడుచుకుంటాయి. అది ఉక్కు ఫర్నేసుల్లో వాడే ఎలక్ట్రోడ్ల కథ. చైనా ప్రభుత్వం కాలుష్యం పేరుతో ఫ్యాక్టరీలు మూయించడంతో కొరత వచ్చింది, ధర పెరిగింది, రెండేళ్లు తిరక్కుండానే అదే షేరు వెయ్యి కిందికి జారింది. ఇప్పుడు ఈవీ బ్యాటరీల పేరు చెప్పి మళ్లీ అదే ఊపు వస్తుందనేవాళ్లు ఎక్కువయ్యారు.

డిమాండ్ సంగతి నిజమే. ఒక మోస్తరు ఎలక్ట్రిక్ కారు బ్యాటరీలో గ్రాఫైట్ యాభై కిలోల పైనే ఉంటుంది, లిథియం కంటే చాలా ఎక్కువ. అయితే అది ఎక్కడినుంచి వస్తుందన్నదే అసలు లెక్క. గనిలో తీసిన సహజ గ్రాఫైట్‌ని మెత్తగా చేసి చిన్నచిన్న గుండ్లుగా మలుస్తారు. ఈ దశలోనే సగానికి అటూ ఇటూగా సరుకు పొడిగా పోతుంది. ఆ తర్వాత 99.95 శాతం శుద్ధి చేయాలి, చైనాలో దీనికి ఎక్కువగా హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ వాడతారు. ఫర్నేసులో తయారుచేసే సింథటిక్ గ్రాఫైట్‌కి గని అక్కర్లేదు, చమురు రిఫైనరీ అడుగు సరుకు నుంచో కోల్ తార్ (బొగ్గు తారు) నుంచో వచ్చే కోక్ అనే కార్బన్ సరుకుని 3,000 డిగ్రీల దగ్గరికి వేడి చేస్తారు. అందులో ఖర్చులో పెద్ద భాగం కరెంటే, అందుకే కరెంటు చవగ్గా దొరికే చైనాలోని ఇన్నర్ మంగోలియాలో చాలా ప్లాంట్లు ఉన్నాయి. పనితీరులో చూస్తే సహజ గ్రాఫైట్ కాస్త ఎక్కువ చార్జ్ పట్టుకుంటుంది, సింథటిక్ ఎక్కువకాలం మన్నుతుంది, ఫాస్ట్ చార్జింగ్‌ని బాగా తట్టుకుంటుంది. చాలా బ్యాటరీ సెల్ కంపెనీలు రెండూ కలిపి వాడతాయి.

సహజమైనది చవక, పర్యావరణానికీ మేలు, కాబట్టి గని ఉన్నవాడే గెలుస్తాడు అని చాలామంది డబ్బు పెట్టారు. జరిగింది వేరు. చైనా సింథటిక్ ప్లాంట్లు ఎడాపెడా కట్టేసింది, 2023లో ధరలు కుప్పకూలాయి, సహజ గ్రాఫైట్‌కున్న చవక అనే బలం చాలావరకు పోయింది. మొజాంబిక్‌లోని బలామా ప్రపంచంలోని అతిపెద్ద గ్రాఫైట్ గనుల్లో ఒకటి, దాని యజమాని ఆస్ట్రేలియా కంపెనీ సైరా. గిరాకీ లేక ఆగుతూ ఆగుతూ నడిపారు, 2024 చివర్లో స్థానికుల నిరసనలతో నెలల తరబడి మూతపడింది. అమెరికాలో లూసియానాలో వాళ్లే కట్టిన ప్లాంట్ నుంచి వచ్చిన నమూనాలు ఒప్పందం ప్రకారం లేవని 2025లో టెస్లా నోటీసు కూడా ఇచ్చింది. అంటే గనీ ఉంది, ప్లాంటూ ఉంది, పేరున్న కస్టమరూ ఉన్నాడు, అయినా వాటాదారుకి మిగిలింది టెన్షనే!

ఆశంతా ఇప్పుడు ప్రభుత్వాల మీద ఉంది. 2023 డిసెంబర్ 1 నుంచి చైనా గ్రాఫైట్ ఎగుమతులకు అనుమతి తప్పనిసరి చేసింది, 2025 జులైలో అమెరికా చైనా యానోడ్ సరుకు (బ్యాటరీ నెగటివ్ వైపు వాడే గ్రాఫైట్) మీద, మరీ చవగ్గా కుమ్మరిస్తున్నారంటూ ప్రాథమికంగా 93.5 శాతం యాంటీ డంపింగ్ సుంకం ప్రకటించింది. చైనా బయటి కంపెనీలకు ఇది ఊపిరే. కానీ ఒక సంతకంతో వచ్చిన లాభం ఇంకో సంతకంతో పోవచ్చు, ఫ్యాక్టరీ నిలదొక్కుకోవడానికి మాత్రం ఏళ్లు పడుతుంది.

మన దేశం వరకైతే నా మొగ్గు సింథటిక్ వైపే. ఉక్కు ప్లాంట్ల నుంచి కోల్ తార్ ఉంది, ఫర్నేసులు నడపడం తెలిసినవాళ్లున్నారు. కర్ణాటకలో ఎప్సిలాన్ అనే కంపెనీ ఆ దారిలోనే ఉంది, హెచ్‌ఈజీ తన అనుబంధ కంపెనీ ద్వారా మధ్యప్రదేశ్‌లో యానోడ్ ప్లాంట్ పెడుతోంది, మరో ఎలక్ట్రోడ్ కంపెనీ గ్రాఫైట్ ఇండియా మన హైదరాబాద్ బ్యాటరీ సెల్ కంపెనీ గోడీలో వాటా తీసుకుంది. ఇందులో లిస్టయిన ఆ రెండు పాత కంపెనీల సంపాదన ప్రధానంగా ఎలక్ట్రోడ్ల మీదే, ఇప్పుడే బ్యాటరీ కంపెనీ ధర పెట్టి కొనడం నాకు నచ్చదు. ఎంఓయూల ఫొటోలు పక్కన పెట్టి, సెల్ తయారీదారు సరుకుని పరీక్షించి ఓకే చేశాడా, కచ్చితంగా కొంటానని ఎన్నేళ్లకు రాసిచ్చాడు, కరెంటు యూనిట్ ఎంతకు పడుతోంది అని చూస్తున్నాను. ఈ మూడింటికీ జవాబు దొరికేదాకా నా డబ్బు ఎఫ్‌డీలోనే.