బుకిట్టింగీలో దొరికిన చిన్న వంకర బాకు క్రిస్ కాదు

ఇండోనేషియాలో పశ్చిమ సుమత్రాలోని బుకిట్టింగీ ఊరికి వెళ్లినవాళ్లు చాలామంది జామ్ గడాంగ్ గడియార స్తంభం దగ్గర ఫొటో దిగి, సియానోక్ లోయ చూసి వచ్చేస్తారు. నేనూ చూశాను, రెండూ బాగున్నాయి. కానీ నన్ను అక్కడ కట్టిపడేసింది మాత్రం ఒక పాత సామాన్ల కొట్లో కనిపించిన చిన్న బాకు.

అలుగు (బ్లేడు) జానెడు కూడా లేదు, సన్నగా మొన వైపు వంగి ఉంది. పిడి నల్లటి గేదె కొమ్ము, ఒర చెక్కది, దాని మూతికి వెండి పట్టీ. కొట్టాయన "క్రిస్, క్రిస్, చాలా పాతది" అన్నాడు. క్రిస్ అంటే ఇండోనేషియాలో బాగా పేరున్న బాకు, అందుకే బయటివాళ్లకు ఏ బాకు చూపించినా ఇదే పేరు చెప్పేస్తారు, నాకది బాధగా అనిపిస్తుంది, ఎందుకంటే ప్రతి దీవికీ, ప్రతి జాతికీ తనదైన బాకు ఉన్న దేశం అది.

క్రిస్ అయితే అలుగు పిడి దగ్గరికొచ్చేసరికి ఒక పక్కకే ఎక్కువ వెడల్పవుతుంది, అక్కడ గంజా అనే అడ్డముక్క ఉంటుంది, పదును రెండు వైపులా ఉంటుంది. దీనికి ఒక్క వైపే పదును, అదీ కొడవలికి ఉన్నట్టు వంపు లోపలి వైపు. పోనీ ఆ ప్రాంతపు మినాంగ్‌కబావ్ వాళ్ల కరంబిట్ అనుకుందామంటే అది పులిగోరులా బాగా వంగి ఉంటుంది, పిడి చివర వేలు దూర్చడానికి రింగో, కనీసం రంధ్రమో ఉంటుంది. ఇక్కడ అలాంటిదేమీ లేదు. సుమత్రా ఉత్తరపు కొసన ఉండే అచే వాళ్ల రెంచాంగ్ అయితే పిడి దాదాపు లంబకోణంలో తిరిగి ఉంటుంది కాబట్టి దూరం నుంచే పోల్చుకోవచ్చు. సులవేసీ దీవిలో బుగిస్ జాతి వాళ్లు కట్టుకునే బాడిక్‌కి పిడి పిస్తోలు పిడిలా వంగుతుంది కానీ అలుగుకి ఇంత వంపు ఉండదు.

చివరికి రెండు రకాల బాకులు మిగిలాయి, సెవార్, తుంబుక్ లాడా. ఈ రెండింటి దగ్గరే నేను బాగా కన్‌ఫ్యూజ్ అయ్యాను, రెండింటి అలుగులూ ఒకేలా వంగుతాయి, రెండింటికీ పదును లోపలి వైపే.

కొట్టాయన్ని అడిగి అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసుకుని మర్నాడు సుంగై పువార్ వెళ్లాను. మరాపి అగ్నిపర్వతం వాలు మీద ఉన్న కమ్మరుల ఊరు అది. ఇప్పుడు ఎక్కువగా కొడవళ్లు, పారలు, వంటింటి కత్తులే చేస్తున్నారు. ఒక కొలిమి దగ్గర కూర్చున్న పెద్దాయనకి "పాక్ (అయ్యా), ఇదేంటో చెప్పగలరా" అని నా డ్రైవర్ చేత అడిగించాను. ఆయన అలుగు ఫొటో అసలు చూడలేదు, ముందు ఒర చూపించమన్నాడు. తుంబుక్ లాడా ఒరకి మూతి దగ్గర గుండ్రంగా ఉబ్బి ముందుకొచ్చిన భాగం ఉంటుందట, దీని ఒర సాఫీగా ఉంది కాబట్టి సెవార్ అని తేల్చేశాడు. తర్వాత పిడి ఫొటో పెద్దది చేసి, బొటనవేలు ఆనే చోట కొమ్ము అరిగి నునుపెక్కిన జాడ చూపించాడు. తుప్పుని ఎవరైనా వారంలో పట్టించగలరు, ఇలాంటి అరుగుదల మాత్రం ఏళ్లు వాడితేనే వస్తుంది అన్నాడు. ఒర కూడా ఆ అలుగు కోసమే చేసిందా, వేరే దానిది తెచ్చి తొడిగారా అన్నది దూర్చి చూసి తెలుసుకోవాలట, తనదైతే బిగువుగా కూర్చుంటుంది. మళ్లీ కొట్టుకి వెళ్లి దూర్చి చూశాను, బిగువుగానే కూర్చుంది.

కొనలేదు. ఇండోనేషియాలో 2010 నాటి 11వ నంబరు చట్టం ప్రకారం 50 ఏళ్లు దాటి, చరిత్రకో సంస్కృతికో విలువైన వస్తువు వారసత్వ సంపద కింద నమోదు కావచ్చు, అలాంటిదాన్ని అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. అదీగాక సెవార్ సుమత్రాలో ఉండటమే న్యాయం అనిపించింది.

మీ ఇంట్లోనో, తెలిసినవాళ్ల దగ్గరో ఇలాంటిది ఉండి ఎవరినైనా అడగాలనుకుంటే అలుగు ఒక్కదాని ఫొటో పంపకండి. ఒర మూతి, పిడిని రెండు పక్కల నుంచీ, అలుగు పిడిలోకి దిగే చోటునీ దగ్గరగా తీయండి, పదును ఏ వైపు ఉందో రాయండి, కొలత తెలియడానికి పక్కన స్కేలు పెట్టండి. మెరుస్తుందని బ్రాసో లాంటి లోహాల పాలిష్‌తో మాత్రం తోమకండి, అలుగు మీద ఇనుప పొరల డిజైన్ ఏదైనా ఉంటే అదీ పోతుంది.