మొక్కు తీరకపోయినా చెల్లించాలా?

గుణదల తిరునాళ్ళప్పుడు బెజవాడలో గది దొరకడం కష్టమని తెలుసు కానీ, మరీ ఇంత దోపిడీ ఉంటుందనుకోలేదు. స్టేషన్ దగ్గర సందులో, కిటికీ కూడా సరిగా తెరుచుకోని గదికి 2800 అన్నాడు. మామూలు రోజుల్లో దానికి 900 ఇచ్చినా ఎక్కువే. నేను వాదనకి దిగేలోపే అమ్మ పర్సు తీసి కౌంటర్ మీద డబ్బు పెట్టేసింది. "పొద్దున్నే కొండెక్కాలి. గొడవలెందుకు, పద" అంది.

అసలు నా కోపం గది అద్దె మీద కాదు. ఈ ప్రయాణం మీదే.

పోయిన వానాకాలం నాన్న ఐసీయూలో ఉన్నప్పుడు అమ్మ మరియమాతకి మొక్కుకుంది. మాది కాకినాడ. సత్యనారాయణస్వామి వ్రతాలు, కార్తీక సోమవారాలు అన్నీ చేసే మనిషే అమ్మ. గుణదల మాట మాత్రం ఐసీయూ బయట హాల్లో పుట్టింది. మా పక్క కుర్చీలో ఏలూరు వైపు ఆవిడ ఒకరుండేవారు. ఆవిడ భర్త కూడా వెంటిలేటర్ మీదే ఉన్నాడు. "గుణదల మాతకి తలనీలాలు మొక్కుకోండి వదినగారూ, ఆ తల్లి వింటుంది" అని చెప్పింది ఆవిడే. ఇద్దరూ కలిసే మొక్కుకున్నారు. ఆవిడ భర్త కోలుకుని నడుచుకుంటూ ఇంటికెళ్ళాడు. మా నాన్న రాలేదు.

ఇక మొక్కేమిటి, చెల్లించడమేమిటి అనుకున్నాను. పైగా నాన్నకి దేవుడంటే నమ్మకం లేదు. హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. మా ఊళ్ళో పీఆర్ కాలేజీ మీదుగా వెళ్ళినప్పుడల్లా గోరా గారి సంగతి ఎత్తేవారు. గోరా అంటే గోపరాజు రామచంద్రరావు గారు, అక్కడ వృక్షశాస్త్రం చెప్పేవారు. నాస్తికుడన్న కారణంగా 1933లో ఆయన ఉద్యోగం పోయింది. "ఉద్యోగం పోయినా మాట మార్చుకోలేదు చూడు" అని నాన్న ఎన్నిసార్లు చెప్పారో. అలాంటి మనిషి కోసం అమ్మ గుండు చేయించుకోవడమా?

గుండు మాట మా ఇంట్లో ఎవరికీ మింగుడు పడలేదు. భర్త పోయిన ఆడదానికి పాతకాలంలోలాగా గుండేంటి, నలుగురూ ఏమనుకుంటారు అని మేనత్త బాధ. నన్ను నలుగురి మాట కంటే ఆ పాతకాలమే ఎక్కువ బాధపెట్టింది. రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ రాజమండ్రిలో ఆగినప్పుడు ఇక ఉండలేక అనేశాను. కందుకూరి వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న తెలుగునాట తొలి వితంతు వివాహం జరిపించింది ఈ ఊళ్ళోనే. చిన్నపిల్లలని కూడా చూడకుండా తలలు గొరిగించి మూలన కూర్చోబెట్టే రోజుల్లో, ఊరంతా వెలేసినా ఆయన నిలబడ్డాడు. ఆ ఊరి మీదుగానే గుండు చేయించుకోవడానికి వెళ్తున్నావా అన్నాను.

అమ్మ జామకాయ ముక్కకి ఉప్పూ కారం అద్దుకుంటూ అంతా విన్నది. "వాళ్ళ జుట్టు ఎవరో పట్టుకుని తీయించారే. నాకెవరు తీయిస్తున్నారు?" అంది.

రైలు గోదావరి మీదికి రాగానే ఎప్పటిలాగే పెట్టెలో సగం మంది కిటికీల దగ్గరికి జరిగారు. చిల్లర చేతుల్లోకి వచ్చింది. మా చిన్నప్పుడు ఈ వంతెన దాటేటప్పుడు నాన్న జేబులోంచి రూపాయి తీసి అమ్మ చేతిలో పెట్టేవారు. తను మాత్రం విసిరేవారు కాదు, దణ్ణం పెట్టేవారూ కాదు. ఈసారి ఆ రూపాయి నేనిచ్చాను.

మనుషులు ఎందుకు నమ్ముతారో నాన్న చాలాసార్లు చెప్పారు. మలినౌస్కీ అనే మానవశాస్త్రవేత్త పసిఫిక్ ద్వీపాల్లో జాలర్లతో గడిపి గమనించిన విషయం ఆయనకి బాగా ఇష్టం. ఒడ్డు పక్క మడుగుల్లో చేపలు పట్టేవాళ్ళకి మంత్రాలూ తంతులూ అక్కర్లేదట, చేతి నేర్పు చాలు. ప్రాణాపాయం ఉన్న నడిసముద్రంలోకి పోయేటప్పుడే తంతులన్నీ. మా జాలరిపేటలో గంగమ్మ జాతర చూసి పెరిగినదాన్ని కాబట్టి అది నాకు తేలిగ్గా అర్థమైంది. కానీ ఆ ఐసీయూ హాలు మాకు నడిసముద్రం అవుతుందని అప్పుడు అనుకోలేదు. లోపలికి రానివ్వరు. అద్దంలోంచి చూడనివ్వరు. రోజుకోసారి ఒక కుర్ర డాక్టరు వచ్చి "ఏమీ చెప్పలేమండి" అని వెళ్తాడు. చేతులతో చేసే పని ఒక్కటీ ఉండదు.

మర్నాడు తెల్లవారుజామునే బయల్దేరినా ఏలూరు రోడ్డు అప్పటికే నిండిపోయింది. ఆటో అతను 300 అడిగి, పడవల రేవు కూడా రాకముందే ఇక వెళ్ళదని దింపేశాడు. అక్కడి నుంచి నడకే. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే తిరునాళ్ళు ఇవి. కొవ్వొత్తుల కొట్లు, కొబ్బరికాయల గుట్టలు, బంతిపూల దండలు, చెరుకుగడలు, దుప్పట్లు పరుచుకుని రోడ్డు పక్కనే పడుకున్న కుటుంబాలు. బొట్టు పెట్టుకున్నవాళ్ళు, పెట్టుకోనివాళ్ళు, బురఖాలో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు. 1924లో ఆర్లాటి అనే ఇటలీ ఫాదర్ ఈ కొండ మీద లూర్దుమాత విగ్రహం పెట్టినప్పుడు కొబ్బరికాయలూ తలనీలాలూ ఊహించి ఉండరు. మన జనం వాళ్ళకి తెలిసిన పద్ధతిలోనే ఆవిడని సొంతం చేసుకున్నారు.

ఫ్రాన్స్‌లో లూర్దు అనే ఊళ్ళో 1858లో బెర్నడెట్ అనే 14 ఏళ్ళ పిల్లకి గుహ దగ్గర మరియమ్మ కనిపించిందన్నది అసలు కథ. అప్పటి నుంచి అక్కడికి వెళ్ళే రోగులకి లెక్కే లేదు. అయినా డాక్టర్లు పరీక్షించాక చర్చి అద్భుతమని ఒప్పుకున్నవి 70కి కాస్త పైన, అంతే. ఈ సంగతి బయల్దేరే ముందు చదివాను. క్యూలో నిలబడ్డంతసేపూ అదే బుర్రలో తిరిగింది. లూర్దులోనే లెక్క అంత అయితే, మొక్కు తీరనివాళ్ళే ఎక్కువ. మరి వాళ్ళెవరూ మానేయరేం?

తలనీలాలు ఇచ్చేచోట ఆడవాళ్ళ వరస కదలడానికి చాలాసేపు పట్టింది. అమ్మ చెప్పులు నా చేతిలో ఉన్నాయి. నాన్న కూడా గుళ్ళ దగ్గర అంతే, బయట రావిచెట్టు కింద అమ్మ చెప్పులు పక్కన పెట్టుకుని పేపర్ చదువుతూ కూర్చునేవారు. నేను చివరిసారిగా, "మూడు కత్తెరలు ఇచ్చెయ్యమ్మా, చాలామంది అలాగే ఇస్తారు" అన్నాను. వినిపించుకోలేదు.

మంగలి అతనికి పాతికేళ్ళుంటాయి. కొత్త బ్లేడు కాగితంలోనే సగానికి విరిచి కత్తికి ఎక్కించాడు. అమ్మ తల మీద నీళ్ళు పోసి వేళ్ళతో గట్టిగా రుద్దాడు. నాన్న పోయాక రంగు వేయడం మానేసింది కాబట్టి కుదుళ్ళ దగ్గర బెత్తెడు తెలుపు, కింద పాత నలుపు. నడినెత్తి నుంచి ముందుకి మొదటి గీత గీస్తూ మాట కలిపాడు.

"ఏం మొక్కమ్మా?"

"మా ఆయనకి బాగవ్వాలని."

"బాగయ్యారా?"

"లేదు బాబూ. పోయారు."

కత్తి ఆగిపోయింది. అతను నావైపు చూశాడు, నేనేమైనా చెబుతానేమోనని. తర్వాత నెమ్మదిగా, "తీరని మొక్కు చెల్లించక్కర్లేదు కదమ్మా" అన్నాడు. నేను దారి పొడుగునా అన్న మాటే.

అమ్మ తల వంచుకునే చెప్పింది. "ఆ రాత్రి డాక్టరు చేతులెత్తేశాడు బాబూ. పిల్లలు ఫోన్ల మీద ఫోన్లు చేసుకుంటున్నారు. నాకు చెప్పుకోడానికి ఒకరు కావాల్సొచ్చింది. ఈ తల్లికి చెప్పుకున్నాను. విన్నట్టే అనిపించింది. అన్ని రోజుల్లో ఆ రాత్రే కాస్త కన్ను మూశాను. అంతసేపు కూర్చోబెట్టి చెప్పుకుని, ఇప్పుడు మొహం చాటేస్తానా?"

అతను మళ్ళీ మాట్లాడలేదు. పని మాత్రం చాలా నిదానంగా చేశాడు, చెవుల వెనక చర్మం సాగదీసి, ఎక్కడా గాటు పడకుండా. జుట్టంతా పోయాక అమ్మ తల వెనక చిన్న నెలవంకలాంటి మచ్చ కనిపించింది. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ చూడలేదు. చిన్నప్పుడు నూతి గట్టు తగిలిందట.

కొవ్వొత్తులు వెలిగించి, కొబ్బరికాయ కొట్టి దిగాక, రోడ్డు పక్క బండి దగ్గర ఇడ్లీ తింటూ అడిగాను. ఏలూరు ఆవిడ మాట విని, నీ మాట వినకపోతే నీకు కోపం రాలేదా?

"రాకేం? అది కూడా అడిగాను. జవాబు రాలేదు."

"మరి?"

"జవాబు చెప్పలేదని మాటలు మానేస్తామా ఏంటే."

నాకది కుదరదు. వినీ ఏమీ చేయని దేవుడితో కంటే, అసలు లేని దేవుడితో బతకడమే నాకు సులువు. వినే శక్తి ఉండి, ఆపే శక్తి ఉండి, ఒకరిని లేపి ఇంకొకరిని వదిలేశాడంటే ఆ లెక్క నేను క్షమించలేను. నాకు నమ్మకం రాకపోవడానికి సైన్సు కంటే ఇదే పెద్ద కారణం. ఆ మాట అమ్మతో కూడా అన్నాను. "నీ ఇష్టం. నీకు రాకపోతే రాదు" అని నా ప్లేట్లో ఇంకో ఇడ్లీ వేసింది.

మధ్యాహ్నం నాన్న వెళ్ళే చోటు చూద్దామని అమ్మే అంది. బెంజి సర్కిల్ దగ్గర నాస్తిక కేంద్రం. గోరా, సరస్వతీ గోరా 1940లో ముదునూరులో మొదలుపెట్టి, 1947లో బెజవాడకి మార్చారు. తలకి తువ్వాలు చుట్టుకున్న అమ్మ అక్కడి ఫోటోలన్నీ ఆగి ఆగి చూసింది. గోరా తన పెద్దమ్మాయికి దళిత యువకుడితో పెళ్ళి తలపెడితే, గాంధీగారు తన ఆశ్రమంలో చేయిస్తానన్నారు, దేవుడి పేరు బదులు సత్యం పేరు చెప్పడానికి కూడా ఒప్పుకున్నారు. ఆయన హత్య తర్వాత 1948లో ఆ పెళ్ళి సేవాగ్రాంలోనే జరిగింది. ఈ కథ నేను చెబితే, "అంత రామభక్తుడూ ఒప్పుకున్నాడా!" అని అమ్మ చాలా సంతోషించింది. నాకు ఈ మనుషులంటే గౌరవం. నిప్పుల మీద నడిచి అందులో మహిమ లేదని చూపించారు, కులాలు కలిపి భోజనాలు పెట్టారు, దొంగల ఊరని ముద్రపడ్డ స్టూవర్టుపురం వెళ్ళి పనిచేశారు. దేవుడు చేయడు కాబట్టి మనిషే చేయాలన్నారు. కానీ మనిషి చేయడానికి ఏమీ మిగలని ఆ రాత్రి, ఆ హాల్లో నాలాంటివాళ్ళు ఏం చేయాలి? ఆ రాత్రి అమ్మ నిద్రపోయింది. నేను పోలేదు.

బయటికొచ్చాక అమ్మ దుర్గ గుడికి కూడా వెళ్దామంది. పొద్దుటి నుంచీ నడిచావు కదా, ఇంకెందుకు అన్నాను. "మీ నాన్న ఇక్కడికి మీటింగుకి వచ్చినప్పుడల్లా నాకు దుర్గమ్మ కుంకుమ తెచ్చేవారు" అంది.

ఇది నాకు తెలియదు. కొండ కింద కొట్లో కొని ఉంటారన్నాను.

"లేదు, క్యూలో నిలబడేవారు. ఓసారి చెప్పులు పోగొట్టుకుని, ఉత్తికాళ్ళతో రైలెక్కి వచ్చారు. కొట్లో కొన్న కుంకుమయితే ఇలా ఎందుకవుతుంది?"

తను పోయాక కూడా బొట్టు తీయకూడదని నాన్న ముందే అమ్మ దగ్గర మాట తీసుకున్నారు. అది మాకందరికీ తెలుసు. ఈ కుంకుమ సంగతి మాత్రం ఇద్దరి మధ్యే ఉండిపోయింది.

ఇంద్రకీలాద్రి మీద ఈసారి చెప్పులు రెండు జతలూ స్టాండులో ఇచ్చాం. డబ్బు టికెట్ కొందామంటే అమ్మ ఒప్పుకోలేదు, నాన్న నిలబడింది ధర్మదర్శనం వరసలోనేనట. కింద కృష్ణ, ప్రకాశం బ్యారేజీ, మధ్యాహ్నపు ఎండ. దేవుడు లేడని క్లాసులో చెప్పిన మనిషి ఈ వరసలో కదులుతూ ఏమనుకునేవారో తెలుసుకోవాలనిపించింది. అమ్మనే అడిగాను.

"ఏమనుకుంటారు, ఎండగా ఉందనుకుంటారు" అంది అమ్మ, తువ్వాలు గుండు మీదికి లాక్కుంటూ. "జరుగు, ముందు ఖాళీ వచ్చింది."